బొంగురు నాదము

విద్యార్థులారా! శ్రీరామనవమి పందిటిలోనో, గ్రామదేవత జాతరలోనో, పాఠశాల వార్షికోత్సవమునందో మీరందరు లౌడుస్పీకరు వినియే యుందురు. మైకు ముందు నిలిచినవాడు ఎంత చక్కని కంఠము కలవాడైనను, యంత్రము నడుపువాడు వాల్యూము మీటను మితిమీరి త్రిప్పినచో ఆ కంఠము బొంగురుపోవును. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్లు మాటలు వినబడును. సభలోని పెద్దలు చేయి యెత్తి, కొంచెము తగ్గింపుమని సైగ చేయుదురు. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున ఒక సభలో నా స్వాగతోపన్యాస మంతయు ఇట్లే బొంగురుపోయెను. వెనుక వరుసలలోని బాలురు నవ్వు ఆపుకొనలేకపోయిరి. నాటినుండి ఆ ధ్వని యనిన నాకు సరిపడదు.

అట్టి బొంగురుతనమును కోరి, వెదకి, సొమ్ము పెట్టి కొనువారు కూడ లోకమున గలరని నాకు తెలిపినవాడు నా దౌహిత్రుడు. వాడు హైదరాబాదులో తల్లిదండ్రులతో ఒక అపార్టుమెంటులో నుండి ఇంజనీరింగు చదువుచు, తీరిక వేళలలో ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకొనుచున్నాడు. ఇరుగుపొరుగు పిల్లలకు లెక్కలు చెప్పి రెండు సంవత్సరములుగా కొంత సొమ్ము కూడబెట్టెను. ఆ సొమ్ముతో వాల్వులు గల చిన్న యాంప్లిఫయరు ఒకటి కొనవలెనా, లేక ఇంట నున్న సామాన్యపు ట్రాన్సిస్టరు యాంప్లిఫయరునే ఉంచుకొని, దానికి ముందు అమర్చు ఫజ్ పెడలు అను చిన్న పెట్టెను కొనవలెనా యని వానికి సందేహము కలిగెను. రెండును కొనుటకు సొమ్ము చాలదు.

వేసవి సెలవులకు వచ్చినపుడు వాడు నన్ను, "తాతగారూ! ఏ పదము ఎచ్చట వాడవలెనో మీరు బోధించితిరి గదా! ఏ నాదము ఎచ్చట వాడవలెనో కూడ చెప్పరాదా?" అని యడిగెను. తెలియని విషయమునకు ఉత్తరము చెప్పుట ఉపాధ్యాయునకు తగదు. కావున నేను ఒక మాసము పాటు ఈ విషయమును చదివితిని, వింటిని. అట్లు నేర్చినదానిని మీకును చెప్పెదను.

మొదట ఎలక్ట్రిక్ గిటారు ఎట్లు పలుకునో తెలిసికొనవలెను. వీణకు కుండ గలదు. మామూలు గిటారునకు డొల్లగా నుండు కొయ్య పెట్టె గలదు. తీగ కదలిక నుండి పుట్టిన ధ్వనిని ఆ డొల్ల పెద్దది చేయును. ఎలక్ట్రిక్ గిటారులలో పెక్కింటికి అట్టి డొల్ల యుండదు. ఉక్కు తీగల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు వెండ్రుకకంటె సన్నని రాగి తీగచుట్టలును ఉండును. ఉక్కు తీగ కదలినపుడు అయస్కాంత క్షేత్రము మారును. ఆ మార్పు వలన తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఈ అమరికకు పికప్ అని పేరు. దీనితో పని చేయు గిటారును అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున జార్జి బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు 1931వ సంవత్సర ప్రాంతమున సిద్ధము చేసిరి.

పికప్ నుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి బలహీనమైనది. తరచుగా ఒక వోల్టులో కొన్ని పదవ వంతులు మాత్రమే. దానిని పెంచి స్పీకరునకు అందించు యంత్రమే యాంప్లిఫయరు. తొలి దినములలో ఈ పెంచు పనిని గాజు బుడ్డి వంటి వాల్వులు చేసెడివి. అమెరికా దేశీయుడగు లీ డి ఫారెస్ట్ 1906లో చేసిన ఆడియన్ అను వాల్వు వీనికి మూలము. రేడియోలనుండి వాల్వులు ఏనాడో తొలగిపోయినవి కాని, గిటారు యాంప్లిఫయరులలో నేటికిని నిలిచియున్నవి. ఆ నిలుకడకు కారణము ఈ బొంగురు నాదమే.

ఇక బొంగురుతనము ఎట్లు పుట్టునో చూతము. పొడవైన మనుష్యుడు పొట్టి ద్వారమునుండి పోవలెనన్న తల వంచవలెను గదా! ప్రతి యాంప్లిఫయరునకును ఇట్టి ద్వారబంధమొకటి కలదు. తనకు అందు విద్యుత్సరఫరా వోల్టేజిని మించి యది తరంగమును పెంచజాలదు. తీగ తరంగము ఎత్తుగా లేచి ఆ హద్దును తాకినపుడు తరంగపు శిఖరము తెగిపోయి బల్లపరుపుగా నగును. గుండ్రని కొండ శిఖరము మిట్టపీఠభూమిగా మారినట్లన్నమాట. దీనినే ఆంగ్లమున డిస్టార్షను అందురు. మనము ధ్వని వికృతి యని చెప్పుకొనవచ్చును.

శిఖరము తెగినంత మాత్రమున మన చెవికి మార్పు ఏల తోచవలెను? తరంగపు ఆకారము మారినచో అందు క్రొత్త స్వరములు చేరును. మూలస్వరమునకు రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు పౌనఃపున్యము గల స్వరములను అనుస్వరము లందురు. తరంగమును పైన, క్రింద సమానముగా తెగగోసి, పూర్తిగా చతురస్రాకారమునకు తెచ్చినచో, మూలస్వరముతో పాటు 3, 5, 7 మొదలగు బేసి అనుస్వరములు కలుగును. వాని బలము మూలస్వరములో మూడవ వంతు, అయిదవ వంతు, ఏడవ వంతు, ఈ క్రమమున తగ్గుచుండును. పైన ఒక విధముగను, క్రింద ఒక విధముగను తెగినచో 2, 4, 6 మొదలగు సరి అనుస్వరములును చేరును. కోత నెమ్మదిగా, అంచులు గుండ్రముగా నున్నచో పైయనుస్వరములు తక్కువగను, కోత కత్తితో కోసినట్లున్నచో అవి హెచ్చుగను ఉండును. వాల్వు మంచిది, ట్రాన్సిస్టరు చెడ్డది యని కొందరు వాదింతురు. కాని నాదమును నిర్ణయించునది ముఖ్యముగా ఆ కోత తీరే. ఏ వస్తువు కోసినదన్నది తరువాతి మాట.

అనుస్వరములు చేరిన నాదము మనకు క్రొత్త కాదు. కచేరీలలో తంబురా నాదమును గమనింపుడు. తంబురా గుర్రముపై, తీగ క్రింద ఒక చిన్న దారపు పోగును ఉంచుదురు. దానిని జీవాళి యందురు. ఆ పోగును సరియైన చోటికి జరిపినంతనే మూగగా నున్న తీగ తేనెటీగవలె జుమ్మని మ్రోగును. అందు అనుస్వరములు విప్పారుటయే అందులకు కారణము. బాల్యమున విశాఖపట్టణములో విద్య నభ్యసించిన సర్ సి. వి. రామన్, వీణ తంబురాల గుర్రములను పరిశీలించి 1921లో ఒక పరిశోధన వ్యాసము ప్రకటించెను. తీగను ఏ చోట మీటినపుడు కొన్ని అనుస్వరములు వినరాకుండవలెనో, ఆ చోట మీటినను అవి బలముగా వినబడుచున్నవని ఆయన చూపెను. శుద్ధ స్వరము కంటె ఇట్టి నిండు స్వరమే చెవికి జీవకళతో తోచునని మన పూర్వులు ఎరుగుదురన్నమాట. గిటారు వారు విద్యుత్తుతో సాధించినది వేరు పద్ధతి గాని, ఆ కోరిక మాత్రము మన కర్థము కానిది కాదు.

ఈ కోరిక గిటారు వారికి మొదట యాదృచ్ఛికముగా కలిగెను. 1951లో అమెరికాలోని మెంఫిస్ నగరమున శామ్ ఫిలిప్స్ అను నతని స్టూడియోకు "రాకెట్ 88" అను పాటను రికార్డు చేయుటకు ఒక సంగీత బృందము వచ్చెను. ప్రయాణములో గిటారు వాయించు విల్లీ కిజార్ట్ యాంప్లిఫయరు చెడిపోయెను. స్పీకరులో కాగితములు కుక్కి ఎట్లో వాయించిరి. ఆ బొంగురు నాదము పాటకు వన్నె తెచ్చెను. 1964లో లండనులో డేవ్ డేవీస్ అను యువకుడు తన చిన్న యాంప్లిఫయరు స్పీకరు కాగితమును బ్లేడుతో చీల్చి, "యూ రియల్లీ గాట్ మీ" అను పాటకు ఆ చిరిగిన స్పీకరు నాదమునే వాడెను. కాని స్పీకరు చింపుట ప్రతివానికి సాధ్యమగు పని కాదు. ఒకసారి చిరిగినది మరల అతుకదు.

1960లో నాష్‌విల్ నగరమున మార్టీ రాబిన్స్ అను గాయకుని "డోంట్ వర్రీ" అను పాట రికార్డగుచుండగా మరియొక యాదృచ్ఛిక ఘటన జరిగెను. గ్రేడీ మార్టిన్ వాయించుచున్న ఆరు తీగల బేస్ గిటారు నాదము, రికార్డింగు పలకలోని ఒక భాగము చెడిపోవుటచేత గరగరలాడెను. దానిని అట్లే ఉంచి 1961లో పాటను విడుదల చేసిరి. ఆ నాదము కావలెనని ఇతరులును అడుగసాగిరి. చెడిపోయిన యంత్రము ఎల్లకాలము చెడిన తీరుననే పని చేయదు గదా! అందుచే అచ్చటి ఇంజనీరు గ్లెన్ స్నాడీ మరియొకనితో కలసి, ఆ చెడుగునే కోరినపుడు కలిగించు ట్రాన్సిస్టరు పరికరమును రూపొందించెను. గిబ్సన్ కంపెనీ వారు దానిని 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అను పేరుతో అమ్మకమునకు తెచ్చిరి. పాదముతో నొక్కిన పని చేయును. మరల నొక్కిన మానును. అందువలననే దానికి పెడలు అను పేరు.

మొదట దానిని కొనువారు లేకుండిరి. గిటారును బూరాల వలెను, సెల్లో వలెను పలికించునని ప్రకటించినను ప్రజలకు అది అవసరముగా తోచలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ "శాటిస్‌ఫాక్షన్" అను పాటలో దానిని వాడెను. అసలు బూరాలు ఊదవలసిన చోటు ఎట్లుండునో గుర్తుగా మాత్రమే ఆతడు దానిని వాయించెనట. ఆ గుర్తే పాటలో నిలిచిపోయెను, ఆ పాట లోకమంతట మారుమ్రోగెను. దుకాణములలోని పెట్టెలు అమ్ముడుపోయినవి.

ఈ విధముగా బొంగురు నాదమునకు రెండు మార్గములు ఏర్పడినవి. వాని గుణదోషములను వేరువేరుగా విచారింతము.

మొదటిది వాల్వు యాంప్లిఫయరు మార్గము. లండనులో వాద్యముల దుకాణము నడుపుచుండిన జిమ్ మార్షల్, తన సహాయకులతో కలసి 1962లో మార్షల్ యాంప్లిఫయరులను చేయించెను. 1966లో జాన్ మేయాల్ బృందముతో రికార్డు చేయుచు ఎరిక్ క్లాప్టన్ అట్టి యాంప్లిఫయరును రంగస్థలముపై వాయించు బిగ్గరతనముతోనే స్టూడియోలోను వాయించెను. ఆ రికార్డు విన్నవారికి, యాంప్లిఫయరు కూడ వాద్యములో ఒక భాగమేనని తెలిసివచ్చెను.

ఇందలి విశేష మేమనగా, వాల్వు ఒక్కసారిగా తెగగోయదు. హద్దునకు చేరువగు కొలది క్రమముగా వంచును. అదిగాక వికృతి ఒక్క చోట కలుగదు. ముందు వాల్వులలో కొంత, చివరి పెద్ద వాల్వులలో కొంత, స్పీకరునకు ముందున్న ట్రాన్స్‌ఫార్మరులో కొంత, ఇట్లు అంచెలంచెలుగా కలుగును. గట్టిగా మీటినపుడు కొన్ని యాంప్లిఫయరులలో విద్యుత్సరఫరా వోల్టేజి క్షణకాలము క్రుంగి, మరల తేరుకొనును. అప్పుడు స్వరము మొదట ఒదిగి పిమ్మట ఉబికి వచ్చినట్లు వేలికి తోచును. మెల్లగా మీటిన శుద్ధముగను, గట్టిగా మీటిన బొంగురుగను పలుకును. చేతి బలమే మీట యగును. ఇది గొప్ప సుఖము.

దీని వెల కూడ అట్లే యుండును. వాల్వులు హద్దును తాకవలెనన్న యాంప్లిఫయరును బిగ్గరగా పలికింపవలెను. పెద్ద యాంప్లిఫయరు కాక చిన్నది కొన్న సరిపోవును గదా యని మీరనవచ్చును. నేనును అట్లే అంటిని. కాని మన చెవి లెక్క వేరు. శబ్దము రెట్టింపుగా తోచవలెనన్న శక్తి పది రెట్లు కావలెను. కావున 50 వాట్ల యంత్రమునకు మారుగా 5 వాట్ల యంత్రమును తెచ్చినను శబ్దము సగము మాత్రమే తగ్గినట్లుండును. గిటారు స్పీకరులు చాల చురుకైనవి. ఒక్క వాట్టు శక్తికే ఒక మీటరు దూరమున సుమారు 95 మొదలు 100 డెసిబెల్‌ల శబ్దము నిచ్చునవి పెక్కు కలవు.

ఆ అంకెకు అర్థమేమో వినుడు. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ప్రకారము 85 డెసిబెల్‌ల శబ్దమును దినమునకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెల్‌లకు కాలము సగమగును. ఆ లెక్కన 100 డెసిబెల్‌లను 15 నిమిషములకు మించి వినరాదు. చెవిలో ధ్వనిని గ్రహించు సూక్ష్మమైన రోమకణములు ఒకసారి నశించిన మనుష్యులలో మరల మొలవవు. వాద్యగానికి చెవియే మూలధనము. దానిని పోగొట్టుకొని తెచ్చుకొన్న నాదమును వినుట కెవరుందురు?

మరియొక హెచ్చరిక. వాల్వు యాంప్లిఫయరు లోపల 300 వోల్టులు, అంతకు మించియు విద్యుత్తు ఉండుట సామాన్యము. ప్లగ్గు పెరికిన తరువాత కూడ అందలి కెపాసిటరులు ఆ విద్యుత్తును కొంతకాలము దాచియుంచవచ్చును. తెలియనివారు దాని మూత తెరువరాదు.

రెండవది ఫజ్ పెడలు మార్గము. ఇది గిటారునకు, యాంప్లిఫయరునకు నడుమ నుండు చిన్న పెట్టె. సాధారణముగా 9 వోల్టుల బ్యాటరీతో నడచును. 1966లో లండనున వెలువడిన ఫజ్ ఫేస్ అను పెడలులో రెండే ట్రాన్సిస్టరులు కలవు. మైకు స్టాండు అడుగున నుండు గుండ్రని దిమ్మను పోలియుండుటచే అది నవ్వుమొగము వలె కనబడును. జిమీ హెండ్రిక్స్ చేతిలో అది లోకప్రసిద్ధి చెందెను. ఈ ట్రాన్సిస్టరులు గిటారు తరంగమును ఎన్నో రెట్లు పెంచి, ఆ చిన్న పెట్టెలోనే శిఖరములను చదును చేసివేయును. కావున స్పీకరు ఎంత మెల్లగా పలికినను బొంగురుతనము మాత్రము నిండుగా నుండును. నిద్రించు శిశువు ప్రక్క గదిలో నున్నను వాయించుకొనవచ్చును. వెల తక్కువ, బరువు తక్కువ. సంచిలో వేసికొని పోవచ్చును.

అయితే దీనికిని లోపములు గలవు. కోత నిలువుగా నుండుటచే మెల్లగా మీటినను గట్టిగా మీటినను దాదాపు ఒకే బిగువున పలుకును. నాదము తెల్లని గోడపై బొగ్గుతో గీచిన గీత వలె స్పష్టమైనదే కాని, నీడలు తక్కువ. తొలి పెడలులలోని జెర్మేనియం ట్రాన్సిస్టరులు వేడికి గుణము మార్చుకొనును. వేసవిలో ఒక తీరుగను, చలికాలమున ఒక తీరుగను పలుకును. తరువాత వచ్చిన సిలికాన్ ట్రాన్సిస్టరులు ఇంతకంటె స్థిరమైనవి, నాదమున మరికొంత పదునైనవి. ఫజ్ ఫేస్ వంటి పెడలును గిటారు ప్రక్కనే మొదటిదిగా అమర్చవలెను; అప్పుడు గిటారు పైనున్న వాల్యూము మీటను కొంచెము తగ్గించినచో బొంగురుతనము తగ్గి నాదము తేటపడును. ఈ కిటుకు తెలిసిన హెండ్రిక్స్ వంటివారు ఆ మీట ఒక్కదానితోనే నీడలను తెచ్చుకొనిరి.

అన్నిటికంటె ముఖ్యమైన భేదము పెక్కు తీగలను కలిపి మీటినపుడు తెలియును. దీనిని అంకెలతో చూతము. వికృతి కలిగించు యంత్రములోనికి రెండు స్వరములు కలసి పోయినపుడు, వాని మొత్తము, వాని భేదము మొదలగు పౌనఃపున్యములు గల క్రొత్త స్వరములు పుట్టును. షడ్జము 200, పంచమము 300 అనుకొనుడు. మొత్తము 500, భేదము 100. ఇవి యన్నియు నూటికి గుణిజములే, ఒకే కుటుంబమువారు. కావుననే షడ్జ పంచమములను జతగా మీటిన ఎంత బొంగురైనను నాదము కోట గోడవలె నిలుచును. గిటారు వారు ఈ జతను పవర్ కార్డు అందురు. ఇక షడ్జముతో అంతర గాంధారమును చేర్చుడు. గిటారు మెట్లు అమర్చిన తీరున అది సుమారు 252 అగును. మొత్తము 452, భేదము 52. ఈ అంకెలకు 200తో గాని 252తో గాని పొత్తు కుదరదు. పిలువని చుట్టములు పందిటిలో చేరినట్లు అవి గలభా చేయును. స్వరములు పెరిగిన కొలది గలభాయు పెరుగును. స్వల్ప వికృతి గల వాల్వు యాంప్లిఫయరు ఈ గలభాను కొంత సహించును. ఫజ్ పెడలులో వికృతి తీవ్రము గనుక నిండు కార్డులు బురదయగును. ఫజ్ ఒంటి తీగ వరుసలకు, పవర్ కార్డులకు తగినదని దీనివలన తేలుచున్నది.

ఇంకొక మాట మరువరాదు. గిటారు స్పీకరు సుమారు 5,000 పౌనఃపున్యమునకు పైబడిన స్వరములను బాగుగా తగ్గించివేయును. ఫజ్ పుట్టించు పదునైన అనుస్వరములను జల్లెడ పట్టునది ఆ స్పీకరే. స్పీకరు లేకుండ పెడలును నేరుగా రికార్డు యంత్రమునకు కలిపినచో కందిరీగల గుంపు విన్నట్లుండును. పెడలు యాంప్లిఫయరు లేకుండ పూర్తి వాద్యము కాదని దీని సారము. హెండ్రిక్స్ కూడ ఫజ్‌ను బిగ్గరగా పలుకుచున్న మార్షల్ యాంప్లిఫయరులోనికే పంపెను. అతని నాదమున రెండు మార్గములును కలసియున్నవి. నేడు ఈ రెండింటిని అనుకరించు డిజిటల్ పరికరములును దొరకుచున్నవి. వానిని హెడ్‌ఫోనులతో వినవచ్చును. వానిని ఎంచుటకైనను ఏ నాదము కావలెనో ముందు తెలియవలెను.

ఇవి యన్నియు తెలిసిన పిమ్మట నా దౌహిత్రునితో హైదరాబాదులోని ఒక వాద్యముల దుకాణమునకు పోయితిని. "ఇంటిలో నీవు వాయించు శబ్దమునే ఇచ్చటను పెట్టుము, దానికి మించి త్రిప్పరాదు" అని వానికి నియమము పెట్టితిని. 5 వాట్ల వాల్వు యాంప్లిఫయరును ఆ మేరకు ఉంచి వాయించెను. నాదము తేటగా, ఇంపుగా నుండెను. కాని బొంగురుతనము జాడ లేదు. దుకాణదారుని అనుమతితో మీటను సగము వరకు త్రిప్పగా అది అద్భుతముగా పలికెను. నా దౌహిత్రుని ముఖము వికసించెను. నా చేతులు అప్రయత్నముగా చెవులపైకి పోయెను. తరువాత, వాని ఇంటనున్న దానివంటి చిన్న యాంప్లిఫయరునకు ఫజ్ పెడలును కలిపి మెల్లగా వాయించెను. మొదట మిక్కిలి కీచుగా నుండెను. హెచ్చు స్వరముల మీటను తగ్గింపగా కుదుటపడెను. ఒంటి తీగ వరుసలు చక్కగా సాగినవి. నిండు కార్డు మీటగనే బురదయైనది.

"తాతగారూ! మనసు వాల్వు వైపు పోవుచున్నది. ఇల్లు ఫజ్ వైపు లాగుచున్నది" అని వాడనెను.

"నీవు దినము వాయించునది ఏది?" అని యడిగితిని.

"ఎక్కువగా ఒంటి తీగ వరుసలే" అనెను.

"ఎచ్చట?"

"ఇంటిలో, రాత్రి తొమ్మిది గంటల తరువాత."

"అట్లయిన సగము వరకు త్రిప్పిన ఆ నాదమును నీవు సంవత్సరమునకు ఎన్ని దినములు వినగలవు?"

వాడు కొంతసేపు ఆలోచించి నవ్వెను, పెడలునే కొనెను. మిగిలిన సొమ్మును దాచుకొనెను. కళాశాల మిత్రులతో విశాలమైన వేదికపై వాయించు దినము వచ్చినపుడు వాల్వు యాంప్లిఫయరు సంగతి చూచుకొందునని చెప్పెను. ఇంటికి పోయిన తరువాత నిండు కార్డులు వచ్చునపుడు పెడలును పాదముతో నొక్కి ఆపుటయు, గిటారు మీటను తగ్గించి నాదమును తేట చేయుటయు అలవరచుకొనెను. వాల్వు ఇచ్చు చేతిస్పర్శ వానికి దక్కలేదు. ఆ లోటు వాడెరుగును, నేనును ఎరుగుదును.

వాని స్థితి వేరైనచో నా సలహాయు వేరుగ నుండెడిది. ఊరి వెలుపల ఒంటరి ఇల్లు కలవాడు, నిండు కార్డులు వాయించువాడు, మీటుటలోని బలాబలములతోనే భావము పలికింపగోరువాడు వాల్వు యాంప్లిఫయరు కొనుట మేలు. చెవులకు రక్షణ మాత్రము మరువరాదు. కావలసిన నాదము, వాయించు చోటు, వినువారి ఓర్పు, చేతనున్న సొమ్ము, ఈ నాలుగింటిని తూచిన పిమ్మటనే ఎంపిక చేసికొనవలెను.

విద్యార్థులారా! నా సభలో బొంగురుపోయిన మైకును, నా దౌహిత్రుని గిటారును పలికించిన సూత్రము ఒకటియే. నా సభలో అది ఎవరును కోరకయే వచ్చి మాటను చెడగొట్టెను. వాని గిటారులో అది పిలిచినపుడు వచ్చి, వలదన్నపుడు తొలగుచున్నది. మొన్న వాడు టెలిఫోనులో ఒక వరుసను వాయించి వినిపించెను. ఇదివరలో నైనచో, తగ్గింపుమని చేయి యెత్తియుందును. ఈసారి పూర్తిగా వింటిని.